ఆదివారం ఆటకు సెలెక్షన్లు వద్దు

హనుమకొండలో నలభై దాటిన మనిషి పొద్దున్నే బూట్లు వేసుకుని బయటికొస్తే తెలిసినవాళ్లు అడిగేది ఒక్కటే. “షుగర్ వచ్చిందా మేడం?” ఆడుకోవడానికి పోతున్నానంటే ఇంకో ప్రశ్న వస్తుంది. “ఎవరితోని? పిల్లలతోనా?” పెద్దవాళ్లు తమ కోసం తాము ఆడుకుంటారన్న సంగతి మన ఊళ్లో ఎవరికీ తట్టదు. మగవాళ్లకు పెళ్లయ్యేదాకా కొంత క్రికెట్ మిగులుతుంది. ఆడవాళ్లకు హైస్కూల్ దాటగానే ఆట అయిపోతుంది. తర్వాత మిగిలేది నడక, అది కూడా డాక్టర్ చెప్పాకే.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. కొన్నేళ్లుగా ఆదివారం పొద్దున ఒక చిన్న క్లబ్‌లో టచ్ రగ్బీ ఆడుతున్నాను. క్లబ్ అంటే ఆఫీసు, బోర్డు ఏమీ లేవు. ఒక వాట్సాప్ గ్రూపు, రెండు బంతులు, ఒక సంచి నిండా కోన్లు, నెలకింత అని వేసుకునే చందా, అంతే. ఈ చలికాలం మా గ్రూపులో పెద్ద చర్చ నడుస్తోంది. బాగా ఆడేవాళ్లను సెలెక్ట్ చేసి, ఆదివారం పూట వాళ్లకే ప్రాక్టీస్ పెట్టి, టోర్నమెంట్లకు పంపాలని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. మిగతావాళ్లు పక్కన ఖాళీ ఉన్నచోట ఆడుకోవచ్చట. నేను వద్దంటున్నాను. గ్రూపులో ముక్కలు ముక్కలుగా మెసేజ్‌లు పెడితే తెగేలా లేదు, అందుకే చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు ఆట సంగతి. రగ్బీ అనగానే ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకోవడం గుర్తొస్తుంది. టచ్‌లో ఆ గొడవే లేదు. బంతి పట్టుకున్న మనిషిని చేత్తో తాకితే చాలు, అక్కడికి ఆగిపోవాలి. పట్టి పడేయకూడదు, బంతిని తన్నకూడదు. మైదానం 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు. జట్టుకు ఆరుగురు లోపల ఉంటారు: మధ్యలో ఇద్దరు మిడిల్, వాళ్లకు అటూ ఇటూ లింక్, చివర్లలో వింగ్. మొత్తం జట్టులో 14 మంది దాకా ఉండొచ్చు, ఎవరు ఎన్నిసార్లయినా బయటికొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ లోపలికి పోవచ్చు. బంతిని పక్కకో వెనక్కో వేయాలి తప్ప ముందుకు వేయకూడదు. ఆరు టచ్‌లు పడేలోపు అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ఒక పాయింటు. ఆరో టచ్ పడినా, బంతి చేజారి కింద పడినా అవతలివాళ్ల వంతు. సగానికి 20 నిమిషాల చొప్పున 40 నిమిషాల ఆట.

తాకడం, తప్పించుకోవడం మనకు కొత్త కాదు. కబడ్డీ ఆడిన కాళ్లకు పక్కకు జరగడం, నడుము తిప్పి చేతికి అందకుండా పోవడం ముందే వచ్చి ఉంటాయి. రానిది ఒక్కటే, వెనక్కి వేయడం. కొత్తగా వచ్చినవాళ్లు ఎంత చెప్పినా మొదటి రోజు ముందున్న మనిషికే వేస్తారు. రెండో వారానికి తల పక్కకు తిప్పి చూడటం మొదలవుతుంది. మూడో వారానికి తాము వెనకాల ఉండి “అక్కా, ఇటు, ఇటు!” అని అరుస్తుంటారు. ఆ అరుపు వినపడిందంటే ఆ మనిషికి ఆట పట్టుబడినట్టే.

టచ్ పడ్డాక ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, నా వాదనకు అది అవసరం. తాకిన చోటే ఆగి, అవతలి గీత వైపు తిరిగి నిలబడి, బంతిని కాళ్ల మధ్య నేల మీద పెట్టి దాని మీదుగా ముందుకు అడుగేయాలి. దీన్ని రోల్ బాల్ అంటారు. వెనకనుంచి వచ్చిన మనిషి, అంటే హాఫ్, బంతి ఎత్తి పక్కకు వేస్తారు. ఈలోపు తాకిన జట్టంతా ఏడు మీటర్లు వెనక్కి పరుగెత్తాలి. వెళ్లి, తిరిగి ముందుకొచ్చి తాకి, మళ్లీ ఏడు మీటర్లు వెనక్కి. వరసగా రెండు మూడు టచ్‌లు గబగబా పడితే వెనక్కి పరుగెత్తేవాళ్లలో ఒకరిద్దరు ఆలస్యమవుతారు. పాయింటు ఆ ఖాళీలోంచే వస్తుంది. హాఫ్ చేతిలో బంతి ఉండగా టచ్ పడితే బంతి పోతుంది. హాఫ్‌గా ఉన్నవాళ్లు తామే పాయింటు చేయడానికి కూడా వీల్లేదు. ఒక్క గట్టి మనిషి బంతి అందుకుని చివరిదాకా లాక్కెళ్లే ఆటలు చాలా ఉన్నాయి. ఇందులో మాత్రం ఆ దారిని రూల్సే సగం మూసేశాయి.

మా క్లబ్‌లో అందరికన్నా మంచి హాఫ్ ఎంజీఎం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసే ఒక అక్క. శనివారం నైట్ డ్యూటీ పడితే అటునుంచి అటే గ్రౌండ్‌కు వస్తుంది. పరుగు అంతంత మాత్రం. కానీ బంతి నేలకు ఆనేసరికి ఆమె చెయ్యి అక్కడ ఉంటుంది. మోకాళ్లు వంచి, కుడి చెయ్యి బంతి కిందికి పోనిచ్చి, బంతి వైపు చూడకుండానే ఎత్తుతుంది. చూపు అప్పటికే లింక్ మీద ఉంటుంది. ఆ పాస్ వచ్చి ఛాతీ దగ్గర రెండు చేతుల్లో పడుతుంది, వెతుక్కోవాల్సిన పనే ఉండదు. సెలెక్షన్ అంటున్న తమ్ముళ్లు పెడతామన్న మొదటి పరీక్ష 40 మీటర్ల పరుగు. ఆ పరీక్షలో ఈ అక్క మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోతుంది.

ఆట పుట్టుక కూడా నా వైపే ఉంది. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడేవాళ్లు ప్రాక్టీస్‌కు ముందు ఒళ్లు వేడెక్కడానికి ఇలా తాకుడు ఆట ఆడేవాళ్లు. పెద్ద ఆటలో దెబ్బలు తినే వయసు దాటినవాళ్లు ఆపకుండా ఆడుకోవడానికి దాన్ని 1968లో సిడ్నీ దక్షిణ భాగంలో ఒక క్లబ్‌గా, ఒక పోటీగా మలిచారు. 1985లో అంతర్జాతీయ సమాఖ్య వచ్చింది, 1988లో గోల్డ్ కోస్ట్‌లో మొదటి ప్రపంచ కప్ జరిగింది. అంత పెద్దదయ్యాక కూడా అక్కడివాళ్లు పాత అలవాటు వదల్లేదు. ఆఫీసు అయ్యాక సాయంత్రం పూట పార్కుల్లో ఆడే టచ్ పోటీలు అక్కడ మామూలు సంగతి. ప్రపంచ కప్‌లోనే ముప్పై దాటినవాళ్లకు, నలభై దాటినవాళ్లకు వేరే విభాగాలున్నాయి. ఆడా మగా కలిసి ఆడే విభాగం ఉంది, అందులో ఒక జట్టు తరఫున మైదానంలో ముగ్గురికి మించి మగవాళ్లు ఉండకూడదు. ఆట పెద్దదైనా మామూలు మనుషులకు చోటు మిగిల్చారు. మనం ఇంకా చిన్నగా ఉండగానే ఆ చోటు తీసేద్దామంటున్నాం.

తమ్ముళ్ల మాటలో బలం లేదని అనను. 2016 రియో నుంచి ఏడుగురి రగ్బీ ఒలింపిక్స్‌లో ఉంది. 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, అందులో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఆడింది. మా పిల్లలు ఆ మ్యాచ్‌లు ఫోన్లో పెట్టుకుని చూశారు, కొందరి కళ్లలో ఆశ పుట్టింది. స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఎంత పనికొస్తుందో ఉద్యోగాలకు చదివే ప్రతి ఇంట్లో తెలుసు. “అక్కా, మనం ఊరికే ఆడుకుంట కూసుంటే మనల్ని ఎవరు పట్టించుకుంటరు?” అని ఒక తమ్ముడు నన్ను నేరుగానే అడిగాడు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన దీప్తి జీవంజి మన పక్క ఊరి పిల్లే. అలాంటి పిల్లను గుర్తుపట్టాలంటే ఎవరో ఒకరు పోటీ పెట్టాలి, ఎంచాలి, వెంటపడి నేర్పించాలి. అందులో నాకు అనుమానం లేదు. నా క్లాసులో ఉన్న అమ్మాయిల్లో ఇద్దరు ముగ్గురి కాళ్లలో ఆ వేగం నాకు కనిపిస్తుంది, వాళ్లను మంచి కోచ్ దగ్గరికి పంపమని ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడాను కూడా.

కానీ చాంపియన్ల కోసం మన ఊళ్లో కనీసం ఒక దారి ఉంది. జేఎన్ఎస్ స్టేడియం ఉంది, స్కూల్ గేమ్స్ ఉన్నాయి, యూనివర్సిటీ జట్లున్నాయి. ఆ దారి ఇరుకే, అయినా ఉంది. రోగం వచ్చినవాళ్ల కోసం వాకింగ్ ట్రాక్‌లు ఉన్నాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న లక్షలమందికి, చాంపియన్లు కాలేక, ఇంకా రోగం రాక, ఆడాలని ఉన్నవాళ్లకు ఏముంది? 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఒంటికి చాలినంత పని చెప్పడం లేదు. మగవాళ్లలో అది 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. వారానికి 150 నిమిషాల మామూలు వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ మాట అందరూ విన్నారు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ కూడా చేశారు. ఒంటరిగా నడవమంటే వారం రోజులు నడిచి మానేస్తారు. అదే మనిషిని “నువ్వు రాకపోతే ఆరుగురం కాలేం” అని పిలిస్తే జ్వరం తగ్గీ తగ్గగానే వచ్చేస్తుంది. ఆ పిలుపు ఎవరో ఎంపిక చేసినవాళ్లకే అందితే మిగతావాళ్లు మళ్లీ ఇంట్లోనే.

ఇప్పుడు లెక్క. 50 మీటర్ల వెడల్పుని ఆరుగురు కాస్తే ఒక్కొక్కరికి ఎనిమిది మీటర్లకు పైనే వస్తుంది. చేతులు చాపినా ఇద్దరి మధ్య బోలెడు ఖాళీ. వింగ్‌లో ఉన్న కొత్త మనిషికి మనం బంతి వేయమని అవతలివాళ్లకు అర్థమైందనుకోండి, ఆమెకు ఎదురుగా ఉన్న మనిషి మెల్లగా లోపలికి జరుగుతుంది. అప్పుడు మన ఐదుగురు నలభై మీటర్లలో ఇరుక్కుంటారు, వాళ్లకు ఎదురుగా ఆరుగురు. ఒక్కొక్కరికి ఏడు మీటర్లు కూడా ఉండదు. బాగా ఆడేవాళ్లు ఐదుగురు కలిసి తమ దారి తామే మూసుకున్నట్టు. అదే కొత్త మనిషికి ఆటలో రెండుసార్లు బంతి పోతే చాలు, ఆమె పట్టుకున్నా జారవిడిచినా అవతలి వింగ్ తన చోటు వదలదు, మధ్యలో ఖాళీ తెరుచుకుంటుంది. ఆదివారం ఆటలో కొత్తవాళ్లకు బంతి వేయడం నేర్చుకున్న పిల్లలే రేపు టోర్నమెంట్‌లో వింగ్‌ను వాడుకోగలుగుతారు. ఎప్పుడూ గట్టివాళ్లే గట్టివాళ్లతో ఆడితే ఈ అలవాటు రాదు. వాళ్ల వేగం మీద వాళ్లకు నమ్మకం పెరిగి మధ్యలోంచే దూరాలని చూస్తారు.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. ఆదివారం ఆటలో రిఫరీ ఉండరు. తాకినవాళ్లు “టచ్” అంటారు, బంతి ఉన్నవాళ్లు ఆగిపోతారు. తగిలిందో లేదో అనుమానంగా ఉన్నా ఆగుతారు, తర్వాతి టచ్‌లో చూసుకుంటారు. కొత్తగా వచ్చిన మగపిల్లలు మొదట్లో వాదిస్తారు. ఎవరూ తిరిగి వాదించకపోయేసరికి కొన్ని వారాల్లో ఆ గుణం దానంతటదే పోతుంది. పోయిన నెల ఒక ఆదివారం ట్రయల్‌గా సెలెక్షన్ మ్యాచ్ పెట్టారు. అదే గ్రౌండ్, అదే మనుషులు. మొదటి పది నిమిషాల్లోనే “తగల్లే!” “తగిలింది!” అని ఇద్దరు దోస్తులు మొహాలు ఎర్రగా చేసుకుని నిలబడ్డారు. వాళ్లను తప్పుపట్టను. జట్టులో చోటు పోతుందంటే ఎవరైనా ప్రతి టచ్‌కూ కొట్లాడతారు. ఆ ఒత్తిడి టోర్నమెంట్‌లో ఉండాలి, అక్కడ విజిల్ పట్టుకున్న మనిషి కూడా ఉంటారు. విజిల్ లేని చోటికి ఆ ఒత్తిడి తెస్తే ఒక్క సీజన్‌లో ఆట పాడవుతుంది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. టచ్ అంటేనే తాకడం. పరాయి మగవాళ్లు, ఆడవాళ్లు ఒకరినొకరు తాకే ఆటకు ఇళ్లల్లో ఒప్పుకుంటారా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. రూల్ ప్రకారం ఒంటికి తగిలినా, బట్టకు తగిలినా, చేతిలోని బంతికి తగిలినా టచ్ టచ్చే, అదీ అవసరమైనంత మెల్లగా. మేం దానికి మా పద్ధతి కలుపుకున్నాం. అరచెయ్యి తెరిచి భుజం మీదో వీపు పైభాగంలోనో తాకాలి. అది కూడా ఇబ్బందనుకున్నవాళ్లు నడుముకు రెండు పక్కలా చేతిరుమాళ్లు దోపుకుంటారు, రుమాలు లాగితే టచ్ కింద లెక్క. విదేశాల్లో ట్యాగ్ రగ్బీ పేరుతో బెల్టులు, పట్టీలు పెట్టి ఆడేది ఇలాంటిదే. రుమాలు ఎందుకు కట్టుకున్నావని మేం ఎవరినీ అడగం. ఒక చెల్లె నాలుగైదు నెలలు రుమాళ్లతో ఆడి ఒకరోజు తనంతట తానే తీసేసింది. ఇంకో ఆవిడ ఇప్పటికీ దోపుకునే ఆడుతుంది, గ్రౌండ్ మీద అందరికన్నా చలాకీగా ఉంటుంది. సెలెక్ట్ చేసిన జట్టుకు టోర్నమెంట్ రూల్సే రూల్స్, అక్కడ రుమాళ్లు నడవవు. వీళ్లిద్దరూ మొదటి రోజే సెలెక్షన్ చూసి ఉంటే రెండో రోజు వచ్చేవాళ్లు కారు.

దెబ్బలు తగలవా అంటే తగులుతాయి. వేళ్లు బెణుకుతాయి, మడమ మెలిపడుతుంది, ఏళ్ల తరబడి పరుగెత్తని కాళ్లకు తొడ వెనక కండరం పట్టేస్తుంది. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించకుండా ఎవరినీ లోపలికి రానివ్వం. ఏప్రిల్, మేలో మన ఎండకు ఆరు దాటకముందే మొదలుపెట్టి ఏడున్నరకల్లా ఆపేస్తాం.

గ్రౌండ్ గొడవ చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. ఆదివారం పొద్దున ఏ కాలేజీ గ్రౌండ్‌కు పోయినా ఒకదాని మీద ఒకటి నాలుగైదు క్రికెట్ మ్యాచ్‌లు నడుస్తుంటాయి, ఒకళ్ల ఫీల్డర్ ఇంకొకళ్ల పిచ్ మీద ఉంటాడు. మేం ఒక మూలన కోన్లు పెట్టుకుంటాం, చాలాసార్లు 50 మీటర్ల వెడల్పు దొరకదు. గంటకింత అని అద్దెకిచ్చే బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు ఊరంతా వచ్చాయి కానీ ఆ వలల మధ్య ఈ ఆట ఇమడదు. మాకు మిగిలిన మూల ఎర్రమట్టి, వానలు పోయాక దాని నిండా పల్లేరు కాయలు. అందుకే ఆట మొదలయ్యే ముందు అందరం ఒక వరసలో నిలబడి, చేతికి చెయ్యి అందేంత దూరంలో, నేల చూసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాం. పల్లేరు కాయలు, కంకర, ఒక్కోసారి పగిలిన సీసా పెంకులు ఏరి సంచిలో వేస్తాం. కాజీపేట నుంచి వచ్చే రైల్వే అన్న ఒకాయన ఈ పనిలో దిట్ట, ఆయన నడిచిన దారిలో మళ్లీ వెతకక్కర్లేదు. ఆయనకు యాభై దాటాయి. పాస్ అంతగా కుదరదు, మోకాలికి పట్టీ ఉంటుంది. సెలెక్షన్ జాబితాలో ఆయన పేరు ఉండదని ఆయనకూ తెలుసు. నేను తమ్ముళ్లను అడిగేది, పన్నెండు మందే ఉన్న రోజున ఆ వరస ఎంత పొడుగుంటుందని.

మన దేశంలో రగ్బీ పాత కథ ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. 1873లో కలకత్తాలో ఇంగ్లీషువాళ్లు ఒక రగ్బీ క్లబ్ పెట్టుకున్నారు. కొన్నేళ్లకే సభ్యులు పోలో, టెన్నిస్ వైపు జారిపోయారు. 1878లో క్లబ్ మూసేసి బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చారు. ఇప్పటికీ ఇంగ్లండ్, స్కాట్లాండ్ దాని కోసమే ఆడతాయి, కలకత్తా కప్ అంటారు. కప్పు నిలిచింది, ఆడే మనుషులు చెదిరిపోయారు. నాకు కప్పు మీద మోజు లేదని చెప్పను, మా తమ్ముళ్లు ఏదైనా గెలుచుకొస్తే అందరికన్నా ముందు స్వీట్లు పంచేది నేనే. మనుషులు చెదరకూడదన్నదే నా పట్టుదల.

కాబట్టి నేను అడిగేది ఇది. జట్టు పెట్టండి. బుధ, శుక్రవారాల సాయంత్రం ప్రాక్టీస్ చేయండి, లైట్లున్న కాలేజీ గ్రౌండ్ కోసం ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను. టోర్నమెంట్‌కు బస్సు చార్జీలు చందాల్లోంచే ఇద్దాం, చాలకపోతే నేను వసూలు చేస్తాను. జట్టులో ఉన్నవాళ్లు ఆదివారం కూడా రావాలి, అందరితో కలిసి ఆడాలి, జట్లు అక్కడికక్కడ కలిపి వేసుకోవాలి. ఆదివారం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా గ్రౌండ్‌కు వచ్చిన ప్రతి మనిషీ ఆడాలి, ఎవరినీ గీత బయట నిలబెట్టకూడదు. కార్పొరేషన్‌కు ఇచ్చే దరఖాస్తులో కూడా ఇదే రాశాను: వారానికి ఒక్క పూట, 70 మీటర్లు ఇటు, 50 మీటర్లు అటు, పెద్దవాళ్లు ఆడుకోవడానికి వదలండి అని.

మీటింగ్ వచ్చే ఆదివారం ఆట అయిపోయాక. చందా కట్టి ఆర్నెల్లు దాటినవాళ్లకే ఓటు అని గ్రూపులో పెట్టారు. మొన్న నయీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ఇద్దరు అత్తాకోడళ్లకు కూడా ఓటు ఇవ్వాలని నేను అడుగుతున్నాను.